పదిహేను నెలలు ఆగిన బాప్తిస్మాలు



పోయిన నెలలో ఒక బుధవారం, ఉపవాస ప్రార్థన ముగిశాక ఒక తల్లి తన కుమారుణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. (ఆ అబ్బాయి అనుమతితోనే, పేర్లు లేకుండా ఈ సంగతి రాస్తున్నాం.) అబ్బాయికి హైదరాబాదులో ఉద్యోగం. విశ్వాసుల ఇంటి అమ్మాయితో సంబంధం కుదిరింది. అమ్మాయి తరఫు సంఘంలో బాప్తిస్మం లేనివారికి పెళ్లి చేయరు. "అయ్యగారూ, ఈ ఆదివారం బాబుకి బాప్తిస్మం ఇచ్చేయండి. కార్డులు అచ్చుకి ఇవ్వాలి" అని ఆమె అడిగింది.

మేము అబ్బాయి వైపు తిరిగి, "నాయనా, ఒకవేళ ఈ సంబంధం తప్పిపోయినా నువ్వు బాప్తిస్మం అడుగుతావా?" అన్నాం. అతను చాలాసేపు నేల చూపులు చూసి, "తెలియదు అయ్యగారూ" అన్నాడు.

తల్లికి కోపం వచ్చింది. "అడిగినవాళ్లకి కాదనే అయ్యగారిని మిమ్మల్నే చూస్తున్నా" అంది. ప్రార్థన చేసి చెబుతామని పంపించాం. ఆ రాత్రి ప్రార్థనకు మోకరించినప్పుడు మాకు పదే పదే గుర్తుకొచ్చింది గుండ్లకమ్మ ఏరు. బాప్తిస్మం అడిగిన వేలమందికి పదిహేను నెలలపాటు కాదని చెప్పిన ఒక దైవసేవకుని కథ ఆ ఏటి ఒడ్డునే ముగిసింది. మనలో చాలామంది ఆ కథ ముగింపులోని అంకెను విన్నవారే. ఆ అంకెకు ముందు జరిగిన నిరీక్షణ సంగతి తక్కువమందికి తెలుసు. ఈ వారం దాని గురించి మాట్లాడుకుందాం.

కొండమీద ఐదుగురు

తెలుగువారి మధ్య అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1836లో శామ్యూల్ డే దొరగారితో మొదలైంది. 1840 నాటికి ఆయన నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్లు గడిచాయి గాని ఫలం చాలా స్వల్పం. డబ్బు ఖర్చవుతోంది, మనుషులు జబ్బుపడుతున్నారు, సంఘంలో చేరేవారు వేళ్లమీద లెక్కపెట్టేంత మంది. 1853లో అమెరికాలోని ఆల్బనీ పట్టణంలో మిషన్ పెద్దలు కూడినప్పుడు నెల్లూరు పనిని మూసేయాలా అన్న చర్చ జరిగింది. పటం మీద ఒక్కటే గుర్తుగా కనిపిస్తున్న ఆ స్థలాన్ని ఒకరు 'ఒంటరి నక్షత్రం' అన్నారు. ఆ మాట పట్టుకుని శామ్యూల్ స్మిత్ అనే పాస్టరుగారు రాత్రికి రాత్రే ఒక పద్యం రాసి తెచ్చారు. అది చదివాక మూసేయాలన్న మాట ఆగిపోయింది.

అమెరికాలో ఈ చర్చ జరిగిన మరుసటి జనవరిలోనే ఇక్కడ మరొకటి జరిగింది. 1854 జనవరి 1, తెల్లవారుజాము. లైమన్ జూయెట్ దొరగారు, ఆయన భార్య, వారితోపాటు నరసు, జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు పక్కనున్న కొండ ఎక్కారు. ఊరిని చూస్తూ ఒక్కొక్కరు ప్రార్థన చేశారు. ఈ ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని వారు అడిగారు. ఆ కొండను మనం ఈనాటికీ ప్రార్థన కొండ అనే పిలుచుకుంటాం.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. ఆ ప్రార్థనకు జవాబుగా జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. అంటే మధ్యలో పన్నెండేళ్లు. ఈ పన్నెండేళ్లలో 1862లో మళ్లీ ఒకసారి మిషన్ మూసేయాలన్న ఆలోచన వచ్చింది. అప్పుడు అమెరికాలో ఉన్న జూయెట్ దొరగారు, మీరు పంపకపోయినా తెలుగువారి మధ్య బ్రతకడానికో చనిపోవడానికో నేను తిరిగి వెళ్తానని పట్టుబట్టారు. ఆయన్ని పాతిపెట్టడానికైనా ఒకరు తోడుండాలి కదా అని పెద్దలు ఒప్పుకున్నారు. ఆ తోడుగా వచ్చినవారే క్లౌ దొరగారు.

దేవుడు ఎవరి చెయ్యీ బలవంతంగా పట్టి ఈడ్చలేదు. మూసేయాలనుకున్న పెద్దలకు కాదనే స్వేచ్ఛ ఉంది. జూయెట్ దొరగారికి ఇంటివద్దే ఉండిపోయే స్వేచ్ఛ ఉంది. క్లౌ దొరగారు భూమి కొలిచే సర్వేయరు పని నేర్చినవారు, ఆ పనిలోనే బ్రతకగలిగేవారు. కొండమీద ఐదుగురి ప్రార్థన వీరెవరి మనసునూ తాడుకట్టి లాగలేదు. వారి వారి ఇష్టాల గుండానే, వారి ఆలస్యాల గుండానే ఆ ప్రార్థన నడిచి వచ్చింది. ప్రార్థన అంటే ఇతరుల మనసును మన చేతికి తెచ్చుకునే మంత్రం కాదని మేము ఈ చరిత్ర చదివాకే గ్రహించాం.

ఎవరు ముందు?

ఒంగోలు సంఘం 1867 జనవరి 1న ఎనిమిదిమందితో మొదలైంది. అంతకుముందు ఏడాదే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ సహోదరుడు బాప్తిస్మం పొందాడు. ఆయన తోళ్ల వ్యాపారం చేసేవాడు. విగ్రహాలను విడిచి, ఒక యోగి బోధలో దేవుణ్ణి వెదుకుతూ అప్పటికే చాలా దూరం నడిచినవాడు. సువార్త వినగానే తాను వెదుకుతున్నది ఇదేనని గుర్తుపట్టాడు. తరువాత తనవారి మధ్య పల్లె పల్లె తిరిగి చెప్పాడు. ఆ ప్రాంతంలో సువార్త వ్యాపించింది దొరల బండ్లమీద కాదు, పేరయ్య వంటివారి కాలినడకన.

క్లౌ దొరగారికి చిక్కు వచ్చింది ఇక్కడే. ఒంగోలులో పై కులాలవారు ఆయన బడిని ఆదరిస్తున్నారు, బోధ కూడా వింటున్నారు. మాదిగలను చేర్చుకుంటే మేము రాము అని వారు కచ్చితంగా చెప్పారు. ఏం చేయాలి? ముందు పెద్దకులాలను గెలిస్తే మిగతావారు వెనకే వస్తారన్నది ఆనాటి చాలామంది లెక్క. దొరగారు గదిలో ప్రార్థన చేసి, పక్కనున్న బైబిలు తెరిస్తే మొదటి కొరింథీయులకు ఒకటో అధ్యాయం చివరి వచనాలు కనబడ్డాయి. లోకం తక్కువగా చూసినవారినే దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు చెప్పిన చోటు అది. మరో గదిలో ఆయన భార్య కూడా అదే చిక్కు గురించి ప్రార్థన చేసి, వేరే బైబిలు తెరిస్తే అదే భాగం వచ్చిందట. ఇద్దరూ కలిసినప్పుడు ఆశ్చర్యపోయారు. మాదిగ సహోదరులను చేర్చుకున్నారు. పై కులాలవారు వెళ్లిపోయారు.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు మాతో, "అయితే మేము కూడా కళ్లు మూసుకుని బైబిలు తెరవొచ్చా అయ్యగారూ?" అంటారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకునే వాగ్దాన కార్డును ఏడాదంతా జాతకంలా చూసుకునేవారూ మనలో ఉన్నారు. ప్రియులారా, జాగ్రత్త. ఆ పుట తెరుచుకోవడమే దేవుని చిత్తానికి రుజువైతే, రేపు మరో పుట తెరుచుకుంటే మరో చిత్తమా? క్లౌ దంపతులకు కనబడిన మాట సువార్త అంతటితో ఏకీభవించే మాట. దానికి లోబడితే వారికి లాభం లేదు, నష్టమే. ఇద్దరు వేరువేరుగా ప్రార్థించి ఒకే మాటకు వచ్చారు. వివేచన అంటే ఇదే. మన కోరికకు వచనం వెదుక్కోవడం వేరు, వచనం మన కోరికను కోస్తున్నా తల వంచడం వేరు.

ధాత కరువు

1876లో వానలు పోయాయి. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునేది ఇదే. 1876 నుంచి 1878 వరకు మద్రాసు రాజధాని అంతటా జనం మాడిపోయారు. కూలి దొరకని పల్లెలు ముందుగా కూలిపోయాయి. మాదిగపల్లెలకు సొంత భూమి లేదు, దాచుకున్న గింజ లేదు.

కరువు పనిగా ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్వించింది. అందులో మూడు మైళ్లకు పైగా తవ్వకాన్ని క్లౌ దొరగారు కంట్రాక్టు తీసుకున్నారు. వేరే మేస్త్రీల కింద తనవారిని తిట్టి కొట్టి కూలి ఎగ్గొడుతున్నారని తెలిసి ఆయన ఈ పనికి పూనుకున్నారు. పాత సర్వేయరు విద్య ఇప్పుడు అక్కరకొచ్చింది. వేలమంది గడ్డపారలతో, తట్టలతో అక్కడ చేరారు. సంఘ బోధకులే మేస్త్రీలయ్యారు. పని ఆపి సేదతీరే వేళ వారు జనం మధ్య కూర్చుని, ప్రయాసపడి భారం మోసేవారిని యేసు పిలిచిన మాటను మళ్లీ మళ్లీ చెప్పారు. ఎక్కడెక్కడి పల్లెల నుంచో వచ్చినవారు దానిని విని ఇళ్లకు మోసుకెళ్లారు.

అప్పుడు జనం బాప్తిస్మం అడగడం మొదలుపెట్టారు. పదులు కాదు, వందలు. మనమైతే ఏం చేసేవాళ్లం? 'ప్రార్థన కొండ మీద అడిగినది ఇదే కదా, దేవుడు తలుపు తెరిచాడు' అనేవాళ్లం కాదా?

క్లౌ దొరగారు కాదన్నారు. పదిహేను నెలలు ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వనివ్వలేదు. కారణం సులువుగానే అర్థమవుతుంది. కూలి ఇచ్చే చెయ్యి ఆయనదే. కరువు సహాయం పంచే చెయ్యీ ఆయనదే. ఆకలితో ఉన్నవాడు అన్నం పెట్టే మనిషికి ఏమని జవాబు చెబుతాడు? వాడి 'అవును'లో ఎంత విశ్వాసమో ఎంత ఆకలో వాడికే తెలియదు. కాదనగలిగే స్థితి లేనివాడు అవునన్నా అది అవును కాదు.

యోహాను సువార్త ఆరో అధ్యాయం తీసి చదవండి. ఐదువేలమందికి రొట్టెలు పెట్టిన వెంటనే జనం యేసును రాజును చేయబోయారు. ఆయన వారి మధ్యనుంచి తప్పుకుని ఒంటరిగా కొండకు వెళ్లాడు. మరుసటి రోజు వెదుక్కుంటూ వచ్చినవారితో, మీరు రొట్టెలు తిని తృప్తిపొందినందుకే నన్ను వెదుకుతున్నారని మొహమాటం లేకుండా చెప్పాడు. చాలామంది వెళ్లిపోయారు. చివరికి పన్నెండుమందిని కూడా, మీకూ వెళ్లిపోవాలని ఉందా అని అడిగాడు. వెళ్లడానికి తలుపు తెరిచి ఉంచి, ఉండమని పిలిచే దేవుడు మన దేవుడు.

మా తప్పు

ఇక్కడ మా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. సేవకు వచ్చిన తొలి ఏళ్లలో ఒక తుఫాను తరువాత, ఒక సంస్థవారి సహాయంతో పక్క పల్లెలో బియ్యం, దుప్పట్లు పంచాం. ఆ నెలలోనే అక్కడ పన్నెండుమందికి బాప్తిస్మం ఇచ్చాం. ఫొటోలు తీసి పంపాం. దేవునికి స్తోత్రం అని రాశాం. ఏడాది తిరిగేసరికి వారిలో ముగ్గురే ఆరాధనకు వస్తున్నారు.

రానివారిలో ఒక అవ్వ ఉంది. ఒకరోజు దారిలో కనబడితే, ఏమ్మా రావడం లేదని అడిగాం. ఆమె చాలా మర్యాదగా, "మీరు బియ్యం ఇచ్చారు అయ్యగారూ. కాదంటే బాగోదని మునిగాను" అంది.

ఆ మాట మమ్మల్ని చాలాకాలం నిద్రపోనివ్వలేదు. ఆ అవ్వ మోసం చేయలేదు. ఆమె మా పట్ల మర్యాద చూపింది. ఆమె మర్యాదను మేము మారుమనస్సుగా లెక్క రాసుకున్నాం. సెమినరీలో మిషన్ చరిత్ర చదివినప్పుడు వెల్లంపల్లి అంకె పరీక్ష కోసం బట్టీపట్టాం. దాని వెనకనున్న పదిహేను నెలలను పట్టించుకోలేదు. బియ్యం పంచడం తప్పు కాదు. ఆకలి ఉన్నచోట పంచకపోవడమే పాపం. ఇచ్చిన చేతితోనే వెంటనే ఆత్మను అడగడం మా తప్పు.

వెల్లంపల్లి

1878 నడిమికి కాలువ పని ముగిసింది. ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ల దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద జనం మళ్లీ గుమికూడారు. క్లౌ దొరగారు అప్పటికీ వెనకాడారు. ఇక సహాయం లేదని చెప్పారు, తిరిగి వెళ్లమన్నారు. జనం కదల్లేదు.

వారి జవాబు ఇప్పటికీ చదివేవారి కళ్లు చెమ్మగిల్లేలా చేస్తుంది. మాకు మీ డబ్బు వద్దు, కాయలు కాసిన మా చేతులు చూడండి, కష్టపడే బ్రతికాం, ఇకమీదా కష్టపడతాం, ఈ పంట కూడా పోతే చనిపోతాం, కాని క్రైస్తవులుగా చనిపోతాం అన్నది దాని సారాంశం.

ఇప్పుడు పరిస్థితి తిరగబడింది. ఇన్నాళ్లూ ఆపినవాడు దొర. ఇక ఆపే హక్కు ఆయనకు ఉందా? ఆకలివల్ల వచ్చిన 'అవును'ను తీసుకోకపోవడం వివేచన. ఏ ఆశా చూపకపోయినా, పొమ్మన్నా, అదే 'అవును' చెబుతున్నవారిని ఇంకా నిలబెట్టడం పెత్తనం అవుతుంది. ఆయన తలవంచారు. ఆయా పల్లెల్లో వారిని ఎరిగిన బోధకులే వారిని పరీక్షించారు. 1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. మూడు రోజుల్లో 3,536. నీటిలో దిగి బాప్తిస్మం ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరుగా దిగి, అలసిపోయినప్పుడు మరో ఇద్దరికి చోటిచ్చారు. క్లౌ దొరగారు తన చేతులతో ఒక్కరికి కూడా ఇవ్వలేదు. ఏడాది ముగిసేసరికి ఆ సంఖ్య 9,600 దాటింది.

వీరంతా అన్నం కోసం వచ్చినవారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. మేము దానికి కోపంతో జవాబు చెప్పం. వారు చేరిన సంఘం ఏమి అడిగిందో మాత్రం చూపిస్తాం. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు అన్నవి మూడు నియమాలు. వినడానికి చిన్నవే. ఆదివారం పనికి రానంటే ఆసామి ఊరుకుంటాడా? అమ్మవారి జాతరకు డప్పు కొట్టనంటే ఊరు ఊరుకుంటుందా? దెబ్బలు తిన్నవారున్నారు, పని పోగొట్టుకున్నవారున్నారు. తరతరాలుగా ఎవరో ఒకరు ఆజ్ఞాపిస్తే కదిలే చేతులు, మొదటిసారి తమంతట తాము ఒక దానికి అవునని, మరో దానికి కాదని చెప్పాయి. అందరూ నిలబడలేదు. పల్లె అంతా వస్తే తామూ వచ్చినవారు ఉన్నారు, వెనక్కి వెళ్లినవారూ ఉన్నారు. అయినా నిలబడినవారి పిల్లల పిల్లలే ఈ రోజు మన జిల్లాలో ఎన్నో సంఘాల్లో కూర్చుని ఉన్నారు.

ఇప్పుడు మన ముందున్నది

ప్రియులారా, మాకు తరచుగా వచ్చే ఫోన్ ఒకటుంది. "అయ్యగారూ, ఈ సంబంధం చేసుకోమంటారా, ఈ అప్పు తీసుకోమంటారా, ప్రార్థన చేసి చెప్పండి" అంటారు. ప్రార్థన తప్పక చేస్తాం. కాని మీ బదులు మేము నిర్ణయిస్తే, మీ ఇష్టాన్ని దేవునికి అప్పగించినట్టు కాదు, మాకు అప్పగించినట్టు. అది మీకూ మంచిది కాదు, మాకూ మంచిది కాదు. మేము చేయగలిగింది మీ పక్కన మోకరించడం, వాక్యం తెరవడం, ఎవరి భయమో ఎవరి ఆశో మిమ్మల్ని తోస్తోందేమో చూసుకోమని చెప్పడం. అడుగు మీరే వేయాలి.

ఆ అబ్బాయి విషయంలో మా జవాబు ఇది. ఈ ఆదివారం బాప్తిస్మం ఇవ్వం. పెళ్లి సంగతి అమ్మాయి తరఫు పాస్టరుగారితో మేమే ఫోన్లో మాట్లాడాం. అబ్బాయి 'తెలియదు' అన్న మాటను దాచకుండా చెప్పాం. వారు ఆలోచించి చెబుతామన్నారు. తల్లి రెండు ఆదివారాలుగా మందిరానికి రావడం లేదు. ఈ సంబంధం తప్పితే ఆ నింద మా మీదే పడుతుంది. మేము చేసినది సరైనదేనని నిబ్బరంగా చెప్పలేం. పట్టుదలను వివేచన అనుకుంటున్నామేమోనన్న భయం కూడా ఉంది.

అయితే పోయిన శనివారం రాత్రి అబ్బాయే హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. పెళ్లి గురించి కాదు. "అయ్యగారూ, ఆ ప్రశ్న ఇప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. యోహాను సువార్త మొదలుపెట్టాను" అన్నాడు. ఆరో అధ్యాయం దాకా వచ్చాక మళ్లీ మాట్లాడుకుందాం అన్నాం. ఈసారి అతను అవునంటాడో కాదంటాడో మాకు తెలియదు. ఏమన్నా అది అతని మాటే అవుతుంది.

ఆ తల్లిని మీలో ఎరిగినవారు ఉంటే, దయచేసి నిందించకండి. ఆమె ఇంటికి వెళ్లి పలకరించండి. మా కోసం కూడా ప్రార్థించండి.

ప్రభువా, తలుపు వద్ద నిలిచి తట్టేవాడా, మేము ఎవరి తలుపూ తోసుకుని వెళ్లకుండా కాపాడు. తెరిచినవారి ముందు అడ్డుగా నిలబడకుండా కూడా కాపాడు. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు నీటిలో దిగాలో మాకు నేర్పు. ఆమేన్.